గాలం లైసెన్స్ డబ్బులు ఎటు పోతాయి? కొన్ని అపోహలు, అసలు సంగతులు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, ట్రౌట్ అనే చల్లనీటి చేపలుండే వాగులు బాగుచేసే పని నాది. వేసవంతా రబ్బరు వేడర్లు తొడుక్కుని నడుంలోతు నీళ్లలోనే ఉంటాను. ఎక్కడైనా మనవాళ్లు కలిస్తే చేపల గురించి అడుగుతారేమో అనుకుంటాను, వాళ్లు లైసెన్స్ గురించి అడుగుతారు. ఇక్కడ గాలం వేయాలంటే డబ్బు కట్టి రాష్ట్రం దగ్గర లైసెన్స్ తీసుకోవాలి మరి. మా బావదైతే ఏటా ఇదే పాట: "నీళ్లూ దేవుడివే, చేపలూ దేవుడివే, మధ్యలో ఈ ఫీజేంట్రా?" ఎన్నిసార్లని నోటితో చెప్పను, అందుకే రాస్తున్నా.

అపోహ: ఆ డబ్బు ఖజానాలో కలిసిపోతుంది, రోడ్లకో ఇంకోదానికో వాడేస్తారు.

కలపడానికి వీల్లేదు. 1950లో వచ్చిన డింగెల్-జాన్సన్ చట్టం కింద చేపల పనులకు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డబ్బు కావాలంటే, లైసెన్స్ ఫీజులు చేపలు, వన్యప్రాణుల శాఖకు తప్ప ఇంకెక్కడా వాడబోమని రాష్ట్రం ముందే చట్టం చేసుకోవాలి. మాట తప్పి పక్కదారి పట్టిస్తే ఫెడరల్ డబ్బుకు అర్హత పోతుంది, మళ్లించింది తిరిగి పెట్టాలి. మరి జీతాలకు పోదా అంటే పోతుంది, నా జీతంలో కొంత అదే, దాచడానికేముంది.

అపోహ: నేను కట్టేది లైసెన్స్ ఒక్కటే.

బావ కిందటేడు గాలానికి కొత్త రాడ్, రీల్ కొన్నాడు. వాటి మీద తయారుచేసినవాళ్లో దిగుమతి చేసుకున్నవాళ్లో 10 శాతం ఎక్సైజ్ పన్ను కట్టేసి (రాడ్‌కైతే 10 డాలర్లు దాటదు) ధరలో కలిపేస్తారు, బిల్లులో ఎక్కడా కనపడదు. పైన చెప్పిన ఫెడరల్ డబ్బు ఇదే. 1984 సవరణ తర్వాత మోటారు బోట్ల పెట్రోలు మీది పన్ను కూడా ఇందులోకే వస్తోంది. రాష్ట్రాలకు పంచేటప్పుడు 60 శాతం లెక్క డబ్బు కట్టి లైసెన్స్ తీసుకున్నవాళ్ల సంఖ్యను బట్టి, 40 శాతం నేల, నీటి విస్తీర్ణాన్ని బట్టి. ఎంత పెద్ద రాష్ట్రానికైనా 5 శాతం మించదు, ఎంత చిన్నదానికైనా 1 శాతం తగ్గదు. పని ముందు రాష్ట్రం చేయాలి, ఖర్చులో 75 శాతం దాకా తర్వాత తిరిగొస్తుంది. మిగతా 25 శాతం చాలాసార్లు లైసెన్స్ డబ్బే కాబట్టి, బావ ఇచ్చిన ఒక్క డాలరుతో నాలుగు డాలర్ల పని చేయొచ్చన్నమాట.

అపోహ: చేపలు తగ్గితే చేపపిల్లల్ని పెంచి లారీల్లో తెచ్చి వదిలితే సరి.

నాకు ఒళ్లు మండేది దీనికే. లారీ వస్తే అందరికీ కనపడుతుంది, ఫొటోలు దిగుతారు, ఒడ్డు లోపల మేం చేసిన పని ఎవడికీ కనపడదు.

మా రాష్ట్రం నైరుతి మూలన డ్రిఫ్ట్‌లెస్ అనే ప్రాంతం ఉంది, హిమానీనదాలు తాకని కొండలు, లోయలు, లోయ లోయకీ చల్లటి ఊటనీటి వాగు. 19వ శతాబ్దంలో వచ్చి స్థిరపడిన రైతులు ఆ వాలు నేలల్ని దున్నేసరికి మట్టంతా వానలకు కొట్టుకొచ్చి లోయల్లో మేట వేసింది (ఈ కోత ఎంత ముదిరిందంటే 1933లో దేశంలో మొదటి వాటర్‌షెడ్ (వాగు పరీవాహక ప్రాంతం) పరిరక్షణ ప్రాజెక్టు ఇక్కడి కూన్ వ్యాలీలోనే పెట్టారు). ఇప్పటికీ ఆ మట్టి గోడల్లాంటి ఒడ్లు విరిగి వాగులో పడుతుంటాయి. ట్రౌట్ గులకరాళ్ల సందుల్లో గుడ్లు పెడుతుంది, సందుల్లోంచి నీరు పారితేనే గుడ్డుకు ఆక్సిజన్. సన్నమట్టి పూడుకుంటే గుడ్లు ఊపిరాడక చస్తాయి. ఒడ్లు విరిగి వాగు వెడల్పై, లోతు తగ్గి ఎండకు వేడెక్కితే పెద్ద చేపకు దాక్కునే చోటుండదు. అలాంటి వాగులోకి లారీల కొద్దీ చేపల్ని వదలడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే.

మేం చేసేదల్లా ఆ నిట్టనిలువు ఒడ్డును ఎక్స్‌కవేటర్‌తో వాలుగా చెక్కడం, వంపు బయటి వైపు నీటి అడుగున ఓక్ చెక్కలతో కట్టిన అరల్ని ఇనుప కడ్డీలు దిగగొట్టి నిలబెట్టడం, వాటి మీద రాళ్లు, మట్టి వేసి గడ్డి చల్లడం. వీటిని లంకర్స్ అంటారు, ఇక్కడే పుట్టాయి. గాలం వేసేవాళ్ల భాషలో లంకర్ అంటే పెద్ద చేప. చెక్క పూర్తిగా నీళ్లలో మునిగే ఉండాలి, గాలి తగిలితే కుళ్లిపోతుంది. ఏడాది తిరిగేసరికి గడ్డి కమ్మేసి, కింద అర ఉందని నాకే గుర్తుండదు. ఓసారి కరెంటు షాక్‌తో చేపల్ని లెక్కపెట్టే సర్వేలో కరెంటు రాడ్ ఆ అర చూరు కింద పెట్టగానే మోచేతి పొడుగు బ్రౌన్ ట్రౌట్ తేలొచ్చింది, అంతకుముందు ఆ వంపులో పిల్లచేప తప్ప చూడలేదు.

ఈ ఖర్చంతా ఎక్కడిదంటే, వాగుల్లో ట్రౌట్ పట్టడానికి లైసెన్స్‌తో పాటు అదనంగా కొనే అనుమతి, ఇన్‌లాండ్ ట్రౌట్ స్టాంపుది పెద్ద వాటా. 10 డాలర్లు. వాగులు బాగుచేయడానికి, సర్వేలకు మాత్రమే వాడాలని నియమం. మిషిగన్, సుపీరియర్ సరస్సుల్లో ట్రౌట్, సాల్మన్ పట్టడానికి కొనే స్టాంపు వేరు, దాని డబ్బు చేపపిల్లల పెంపకానికి పోతుంది. రెండూ ఒకటే అనుకుని మమ్మల్ని తిట్టేవాళ్లు చాలామంది.

అపోహ: గాలం డబ్బు అన్ని చేపల్నీ కాపాడుతుంది.

ఇది మా శాఖలవాళ్లే చెప్పుకునే అపోహ. లైసెన్స్ కొనేవాడు అడిగే చేప వైపే డబ్బు మొగ్గుతుంది. 1962లో వ్యోమింగ్, యూటా రాష్ట్రాల గ్రీన్ నదిలో, కొత్త డ్యాము వెనక రెయిన్‌బో ట్రౌట్ పెంచాలని రోటినోన్ అనే విషం వందల కిలోమీటర్ల పొడవునా కలిపి, పనికిమాలినవని పేరుపెట్టి అక్కడి సొంత చేపల్నే చంపారు. చంపింది చేపల శాఖలే. ఇప్పుడు అలా చేయరు గానీ, ఎవరూ గాలం వేయని చిన్న చేపలకు, ఆల్చిప్పలకు నిధులు తేవడం ఇప్పటికీ కష్టమే. వాగు బాగుపడితే వాటికీ మేలే కానీ, ట్రౌట్ లేని బురద నదిలో ఉండేవాటి సంగతి అడిగేవాడేడీ?

అపోహ: ఈ ఏడు చేపలకు పోవట్లేదు, లైసెన్స్ కొంటే దండగ.

పైన చెప్పిన 60 శాతం లెక్క చూడండి. లెక్కలోకి వచ్చేది కొన్నవాళ్ల తల, పట్టిన చేప కాదు. ఉచితంగా ఇచ్చే లైసెన్సులు ఆ లెక్కలోకి రావు. ఇదంతా బావకు మొన్న ఫోన్లో గంటసేపు చెప్పాను. "సరేరా, చూద్దాం" అన్నాడు. ఇంకా కొనలేదు.