చెప్పులు విప్పి వెళ్లిన గది

ఒంగోలు, నెల్లూరు వైపు చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో ఇప్పుడు నల్లబల్ల పక్కనే పెద్ద తెర కనిపిస్తుంది. మాస్టార్లు ప్యానెల్ అంటారు, కాగితాల్లో ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) అని రాస్తారు. దాని మీద వీడియో పెడితే పాఠం బుర్రకెక్కుతుందా, సినిమా చూసినట్టు చూసి బెల్లు కొట్టగానే మరిచిపోతారా అని స్టాఫ్ రూముల్లో వాదన నడుస్తూనే ఉంది. ఈ వాదన వెనక నలభై ఏళ్లకు పైబడిన కథ ఉంది. అందులో ఎక్కువ కాలం కంప్యూటరు ఉన్నది మామూలు తరగతి గదిలో కాదు, తాళం వేసిన వేరే గదిలో.

దానికంటే ముందు పలక గురించి ఒక మాట. మార్కాపురం చుట్టుపక్కల గనుల్లో తీసిన రాతి పలకల మీద ఎన్ని తరాలు ఓనమాలు దిద్దాయో. నోటుపుస్తకాలు వచ్చాక గిరాకీ తగ్గి ఆ రాయి ఇళ్ల గోడలకు, నేలకు పోయింది. పలక పిల్లవాడి చేతిలో ఉంటుంది. వాడే రాస్తాడు, వాడే చెరుపుతాడు. ఆ తర్వాత బడికొచ్చిన యంత్రాల్లో చాలావాటికి ఈ గుణం లేదు.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పిల్లలు చూశారు, అంతే. 1984లో కేంద్రం ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆ పథకం పేరు 'క్లాస్'. పేరులోనే క్లాసు, నేర్పింది మాత్రం కంప్యూటరు గురించి. లెక్కలు, సైన్సు చెప్పే మాస్టారికి దానితో పని పడలేదు.

చదువు కోసమే తయారైన ఉపగ్రహం ఎడ్యుశాట్ 2004 సెప్టెంబరు 20న ఎగిరింది శ్రీహరికోట నుంచే. అప్పటికి అది నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. రాకెట్ ఎగిరితే మిద్దెలెక్కి చూసే అలవాటు సూళ్లూరుపేట వాళ్లకు ఎప్పుడూ ఉన్నదే. కానీ పైనుంచి పాఠం దిగాలంటే కింద డిష్ ఉండాలి, టీవీ ఉండాలి, ఆ టైముకు కరెంటు ఉండాలి, ఆ పీరియడు ఆ సబ్జెక్టుదే అయి ఉండాలి. 2010లో ఎడ్యుశాట్ పని ముగిసింది.

2008లో ఉమ్మడి రాష్ట్రం 5,000 హైస్కూళ్లలో కంప్యూటర్ చదువు పెట్టింది. ప్రైవేటు సంస్థలు యంత్రాలు పెట్టి, ఐదేళ్లు నడిపి, బడికి అప్పగించి వెళ్లాలి. కొద్ది జీతంతో కాంట్రాక్టు ఇన్‌స్ట్రక్టర్లను వేశారు. కంప్యూటర్ గది నాకు బాగా గుర్తు. చెప్పులు బయట విప్పాలి. మానిటర్ల మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఒక్కో కంప్యూటరు ముందు నలుగురైదుగురం, మౌసు పట్టుకునేది మాత్రం ఒక్కడే. తాళం ఇన్‌స్ట్రక్టర్ దగ్గర. ఆయన రాకపోతే ఆ వారం పీరియడు లేనట్టే. 2013లో ఒప్పందం ముగిసి ఇన్‌స్ట్రక్టర్లు ఇంటికెళ్లారు. తాళం హెడ్మాస్టర్ బీరువాలోకి వెళ్లింది. నన్నడిగితే మొత్తం కథలో పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. ఐదేళ్లలో మిగతా టీచర్ల చేతికి ఆ యంత్రాన్ని అలవాటు చేయలేదు.

అదే 2008లో దీనికి పూర్తిగా వ్యతిరేక దారిలో ట్రిపుల్ ఐటీలు మొదలయ్యాయి. పల్లెటూరి బడుల్లో పది పాసైన పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి, తరగతిలోనే దానితో చదివించాలన్నది ఆలోచన. తొలి చాన్సలర్ కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి. 2016లో ఒంగోలుకు కూడా క్యాంపస్ ఇచ్చారు, తరగతులు మాత్రం చాలాకాలం కడప జిల్లా ఇడుపులపాయలోనే జరిగాయి.

మామూలు బడికి తెర చేరిన దారి వేరు. 2019 నవంబరు 14న ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం ప్రారంభమైంది ఒంగోలు పీవీఆర్ మున్సిపల్ హైస్కూల్లోనే. అప్పటికి మాటంతా మరుగుదొడ్లు, బెంచీలు, తాగునీళ్ల గురించే. మరుసటి ఏడు కరోనా వచ్చి సప్తగిరి ఛానల్లో పాఠాలు, ఫోన్లలో గ్రూపులు మొదలయ్యాయి. బళ్లు తెరిచాక కూడా ఆ అలవాటు పోలేదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5,18,740. నెట్ లేకున్నా నడిచేలా ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్ పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. 2023లో మొదటి విడత నాడు-నేడు బడుల్లో ఆరో తరగతి నుంచి పైకి ప్యానెళ్లు, కింది తరగతులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. వేరే గది, వేరే పీరియడు, వేరే మాస్టారు అవసరం అలా మొదటిసారి తప్పింది.

అదే ఏడాది జులైలో యునెస్కో నివేదిక వచ్చింది. ఫోన్ వల్ల చెదిరిన దృష్టి మళ్లీ పాఠం మీదికి రావడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని అందులో ఉంది. ఆగస్టులో రాష్ట్రం బడుల్లో ఫోన్లపై ఆంక్షలు పెట్టింది. ఒక చేత్తో ట్యాబు ఇస్తూ ఇంకో చేత్తో ఫోను లాక్కుంటున్నారని కొందరు నవ్వారు. నాకది అంత విడ్డూరంగా అనిపించలేదు, పాఠం ఎక్కించిన ట్యాబూ రీల్స్ నిండిన ఫోనూ ఒకటి కావు. ఏడాది తిరక్కుండానే, 2024 జులైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

టీచర్ల ఫోను గొడవ వేరు. 2022 ఆగస్టులో ముఖం చూపించి వేసే హాజరు వచ్చింది. మధ్యాహ్న భోజనానికో యాప్, మరుగుదొడ్ల ఫొటోలకో యాప్. 2025లో వీటిని లీప్ అనే ఒక్క యాప్‌లోకి తెచ్చారు. అందులో నింపింది పైకి చేరాలంటే సిగ్నల్ కావాలి. కనిగిరి, ఉదయగిరి వైపు పల్లెల్లో సిగ్నల్ అందని బడి అయితే, ప్యానెల్ మీద వీడియో పెట్టి హాజరు కోసం ఫోను పట్టుకుని వరండాలోకి నడవాల్సిందే.