మబ్బు పట్టినప్పుడు విమానానికి ఏమేం కావాలి?

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో శీతాకాలం ఉదయాన లేచి చూస్తే, కొండలే కాదు, వీధి చివరి ఇల్లు కూడా కనబడని రోజులుంటాయి. 2022లో చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద మా ఊరికి తొమ్మిది సీట్ల సెస్నా గ్రాండ్ క్యారవాన్ విమానం రావడం మొదలైనప్పటి నుంచి, ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: "విమానంలో లోపమేమీ లేదంటున్నారు, మరి ఎందుకు రాలేదు?" విమానం బాగుందా లేదా అన్నది అది ఎలాంటి ప్రయాణానికి బయలుదేరుతోందన్న దాన్నిబట్టి మారుతుందని తెలిస్తే ఈ ప్రశ్న సగం తేలిపోతుంది.

పగటిపూట నేలనూ కొండలనూ కళ్లతో చూసుకుంటూ నడిపే ప్రయాణాన్ని వీఎఫ్‌ఆర్ అంటారు. పదివేల అడుగుల లోపు ఎగిరేటప్పుడు సాధారణంగా 5 కిలోమీటర్ల మేర కనబడాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం దీనికి తప్పనిసరిగా పనిచేయాల్సిన ప్రయాణ పరికరాలు కొద్దే: దిక్సూచి, గడియారం, వేగసూచిక, ఎత్తు చూపే ఆల్టీమీటర్. ఈ ఆల్టీమీటర్ నిజానికి కొలిచేది గాలి ఒత్తిడిని. ఆనాటి ఒత్తిడిని పైలట్ అందులో పొరపాటున 10 హెక్టోపాస్కల్స్ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఎక్కువగా పెట్టుకుంటే, విమానం నిజంగా ఉన్నదానికంటే సుమారు 80 మీటర్లు పైన ఉన్నట్టు చూపుతుంది. 1,672 మీటర్ల దేవమాలి శిఖరం ఉన్న జిల్లాలో ఆ 80 మీటర్లు చిన్న తేడా కాదు.

మబ్బులోకి వెళితే కళ్లు పనికిరావు, చెవి మోసం చేస్తుంది. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళికల్లో ఉండే ద్రవం కదలికవల్ల మనకు మలుపు తెలుస్తుంది. కాని ఒకే వేగంతో మలుపు సాగుతూ ఉంటే ఇరవై సెకన్లలోపే ఆ ద్రవం కూడా నాళికతోపాటు తిరగడం మొదలుపెడుతుంది, అప్పుడు ఒక పక్కకు ఒరిగిపోతున్న మనిషికి తాను తిన్నగా వెళుతున్నట్టే ఉంటుంది. అందుకే పరికరాల ఆధారంగా నడిపే ఐఎఫ్‌ఆర్ ప్రయాణానికి విమానం వాలును చూపే కృత్రిమ క్షితిజం, మలుపు సూచిక, ఎక్కుదల దిగుదల వేగాన్ని చూపే పరికరం వంటివి కూడా ఉండాలి. వేగసూచికకు గాలినందించే పిటో గొట్టం మంచుతో మూసుకుపోకుండా వేడిచేసే ఏర్పాటూ కావాలి. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలి 228 మందిని బలిగొన్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో, అలాంటి ఏర్పాటు ఉండి కూడా మంచు స్ఫటికాలతో ఆ గొట్టాలు కాసేపు మూసుకుపోవడంతోనే కష్టాలు మొదలయ్యాయి.

రాత్రి ప్రయాణానికి వీటన్నిటితోపాటు దీపాలు చేరతాయి. వాటిలో నాకు ముచ్చటగా తోచేది పైలట్ కూర్చునేచోట చేతికందేలా ఉంచే మామూలు టార్చిలైటు: విమానంలోని కరెంటు మొత్తం పోయినా అదొక్కటి వెలగాలి.

ఏదైనా పరికరం పాడైతే ఎగరవచ్చా లేదా అన్నది పైలట్లు ఎమ్‌ఈఎల్ అనే కనీస పరికరాల జాబితాలో చూసుకుంటారు. అది కొన్నిటికి మూడు రోజులు, కొన్నిటికి పది రోజులు గడువిస్తుంది; మబ్బులోకి వెళ్లకూడదనో, రాత్రి ఎగరకూడదనో షరతు పెడుతుంది. ఇక దిగాల్సిన ఊళ్లో పొగమంచు కమ్మి ఉంటే విమానంలోని పరికరాలు మాత్రమే చాలవు, అక్కడ కూడా తగిన ఏర్పాట్లు ఉండాలి. జాబితా ఒప్పుకున్నా సరే, ఆనాటి వాతావరణం చూసి వద్దనే అధికారం పైలట్‌దే.