జోడియాక్ కేసు: పేరు ముందు, ఆధారం తర్వాత

1969 ఆగస్టు మొదటి వారం. కాలిఫోర్నియాలోని సలీనాస్ అనే ఊళ్లో డొనాల్డ్ హార్డెన్ అనే హైస్కూలు టీచరు ఆదివారం పేపర్లో వింత గుర్తుల వరసలు చూసి పెన్సిల్ అందుకున్నాడు. వలేయో చుట్టుపక్కల జరిగిన రెండు కాల్పుల ఘటనలు తన పనేనంటూ ఎవడో మూడు పత్రికలకు ఉత్తరాలు రాసి, ఒక్కోదానితో సంకేత లిపిలో ఒక్కో ముక్క పంపాడు. మూడు ముక్కలూ కలిపితే 408 గుర్తులు. తానెవరో అందులోనే ఉందని ఊరించాడు. ఆ తర్వాత తనకు తానే ‘జోడియాక్’ అని పేరు పెట్టుకున్న హంతకుడు ఇతనే.

డొనాల్డ్ భార్య బెట్టీకి సంకేత లిపుల గురించి ఏమీ తెలియదు. కానీ ఇద్దరిలో పట్టు వదలనిది ఆమే. ఇంత అహంకారం ఉన్నవాడు ‘ఐ’ అన్న మాటతోనే మొదలుపెడతాడని, ‘కిల్’ అన్న మాట ఎక్కడో ఒకచోట తప్పకుండా వాడతాడని ఆమె ఊహించింది. ఇంగ్లీషులో ఆ మాట చివర ఒకే అక్షరం రెండుసార్లు వస్తుంది. గుర్తుల్లో అలాంటి జంటల కోసం వెతికారు. దాదాపు 20 గంటల పనిలో తాళం విడిపోయింది. చంపడం తనకు సరదా అన్న రాతలు బయటపడ్డాయి. పేరు మాత్రం లేదు. పేరు చెబితే తన పని ఆపేస్తారు కాబట్టి చెప్పనని అందులోనే రాసుకున్నాడు.

చివర 18 అక్షరాలు మిగిలిపోయాయి. వాటికి అర్థం ఈ రోజుకీ తేలలేదు. వాటిని అటూ ఇటూ మార్చి, తమకు అనుమానం ఉన్న మనిషి పేరు అందులో చూసినవాళ్లు ఎందరో.

ఈ కేసు చుట్టూ ఔత్సాహిక పరిశోధకులు చేసిన మంచీ చెడూ రెండూ ఆ 408 గుర్తుల్లోనే ఉన్నాయని నాకనిపిస్తుంది. బెట్టీ ఊహ తప్పయితే తప్పని వెంటనే తెలిసిపోయేది, ఎందుకంటే మిగతా గుర్తుల్లోంచి అర్థంలేని అక్షరాలు వచ్చేవి. చివరి 18 అక్షరాల్లో పేరు వెతికినవాళ్లకు అలాంటి అడ్డుకట్ట ఏదీ లేదు.

ఈ అలవాటు జోడియాక్‌తో మొదలైంది కాదు. 1888లో లండన్ వైట్‌చాపెల్‌లో వరస హత్యలు జరిగినప్పుడే స్థానిక వ్యాపారులు నిఘా సంఘం పెట్టుకుని రాత్రిళ్లు గస్తీ తిరిగారు. ‘జాక్ ద రిప్పర్’ అన్న పేరు కూడా ఒక ఉత్తరంలోంచి వచ్చిందే. అది హంతకుడు రాసిందేనని ఎవరూ రుజువు చేయలేదు. 1894లో పోలీసు ఉన్నతాధికారి మెల్విల్ మెక్‌నాటెన్ ఒక అంతర్గత పత్రంలో ముగ్గురు అనుమానితుల పేర్లు రాశాడు. అది బయటికొచ్చాక తరాల తరబడి పరిశోధకులు ఆ ముగ్గురి చుట్టూనే తిరిగారు. తీరా చూస్తే వాళ్లలో మాంటేగ్ డ్రూయిట్‌ను ఆయన 41 ఏళ్ల డాక్టరన్నాడు. నిజానికి అతను 31 ఏళ్ల న్యాయవాది, స్కూల్లో పాఠాలు కూడా చెప్పేవాడు. మైకేల్ ఆస్ట్రాగ్ అనే మరొకడు ఆ హత్యల సమయానికి ఫ్రాన్స్‌లో జైల్లో ఉన్నట్టు చాలా ఏళ్ల తర్వాత రికార్డుల్లో దొరికింది. ఆ రికార్డు తవ్వి తీసినవాళ్లూ ఔత్సాహికులే. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి.

ఇక జోడియాక్ విషయానికొద్దాం. పోలీసులు ఖాయంగా అతని ఖాతాలో వేసినవి నాలుగు ఘటనలు. 1968 డిసెంబర్ 20న బెనీషియా దగ్గర లేక్ హెర్మన్ రోడ్డులో 17, 16 ఏళ్ల ఇద్దరు. 1969 జులై 4 రాత్రి వలేయోలో కారులో కూర్చున్న జంట. 22 ఏళ్ల యువతి చనిపోయింది, 19 ఏళ్ల కుర్రాడు బతికాడు. సెప్టెంబర్ 27న బెర్రియెస్సా సరస్సు ఒడ్డున ఇద్దరు విద్యార్థుల మీద కత్తితో దాడి. అమ్మాయి చనిపోయింది, అబ్బాయి బతికాడు. అక్టోబర్ 11న శాన్‌ఫ్రాన్సిస్కోలో 29 ఏళ్ల టాక్సీ డ్రైవర్. మొత్తం ఐదుగురు చనిపోయారు. 37 మందిని చంపానని తర్వాత అతను చెప్పుకున్నది ఏ ఆధారమూ లేని మాట.

చేతిలో ఏమున్నాయి? ఉత్తరాల చేతిరాత. సరస్సు దగ్గర మట్టిలో పదిన్నర సైజు బూటు ముద్ర. టాక్సీ మీద రక్తంతో పడిన వేలిముద్రలు. ఎదురింటి కిటికీలోంచి చూసిన ముగ్గురు పిల్లలు చెప్పిన పోలికలతో గీసిన బొమ్మ. ఇంకా, టాక్సీ డ్రైవర్ చొక్కా నుంచి చింపిన ముక్క. దాన్ని హంతకుడే శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికకు పంపాడు.

ఆ గుడ్డముక్క దగ్గర కాసేపు ఆగాలి. అది కూడా పరిస్థితుల సాక్ష్యమే. హత్య చేస్తుండగా చూశానని అదేమీ చెప్పదు. అయినా చొక్కాలో పోయిన భాగం, కవర్లో వచ్చిన భాగం ఒకటేనని తేలాక ఉత్తరం రాసినవాడికీ హత్యకూ సంబంధం లేదని వాదించడం దాదాపు అసాధ్యం. పరిస్థితుల సాక్ష్యమంటే బలహీనమైనదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఆ ఆధారం ఇంకెంతమందికి సరిపోతుందన్న దాన్ని బట్టే దాని బలం ఉంటుంది. చొక్కా ముక్క ఒక్కడి చేతిలోంచే రాగలదు. పదిన్నర సైజు బూటు లక్షల కాళ్లకు సరిపోతుంది.

ఈ తేడా మర్చిపోతే ఏమవుతుందో ఆర్థర్ లీ ఆలెన్ ఉదంతంలో కనిపిస్తుంది. పోలీసులు ఇంటి సోదాలు చేసి, బహిరంగంగా అనుమానించిన మనిషి అతను. వలేయోవాడు, ఒకప్పుడు ప్రాథమిక పాఠశాల టీచరు. అతని చేతికి ‘జోడియాక్’ కంపెనీ గడియారం ఉండేది. దాని మీది గుర్తు, ఉత్తరాల చివర సంతకంలా గీసిన గుర్తు ఒకటే: వృత్తం మధ్యలో అడ్డంగా, నిలువుగా గీతలు. బూటు సైజు పదిన్నరే. మనుషుల్ని వేటాడతానని, జోడియాక్ అని పేరు పెట్టుకుంటానని తనతో ఎప్పుడో అన్నాడని ఒక స్నేహితుడు 1971లో పోలీసులకు చెప్పాడు. సరస్సు దగ్గర దాడి జరిగిన రోజున కారులో రక్తం అంటిన కత్తులున్నాయని, అది కోళ్ల రక్తమని ఆలెన్ తనంతట తానే చెప్పాడు. ఆ తర్వాత పిల్లల మీద లైంగిక నేరానికి జైలుకు కూడా వెళ్లాడు. 1991లో, బతికి బయటపడ్డ వలేయో బాధితుడు ఫొటోల్లోంచి అతన్నే చూపించాడు.

వరసగా చదువుకుంటూ పోతే గుండె ఝల్లుమంటుంది. ఇప్పుడు ఒక్కొక్కటే పక్కకు తీసి చూడండి. ఆ గడియారం దుకాణాల్లో ఎవరైనా కొనుక్కోగలిగింది. స్నేహితుడు నోరు విప్పేనాటికి జోడియాక్ పేరు రెండేళ్లుగా పేపర్లన్నిటా మారుమోగుతోంది. విన్నదీ చదివిందీ కలిసిపోని జ్ఞాపకం అరుదు. ఫొటో గుర్తుపట్టింది 22 ఏళ్ల తర్వాత, అదీ చీకట్లో క్షణాలపాటు చూసిన ముఖాన్ని.

ఎదురు నిలబడ్డవి చూస్తే, వేలిముద్రలు కలవలేదు. చేతిరాత కలవలేదు. 2002లో ఒక ఉత్తరం స్టాంపు నుంచి తీసిన పాక్షిక డీఎన్‌ఏ కూడా కలవలేదు. 1992లో చనిపోయేదాకా అతని మీద ఈ హత్యల కేసు పెట్టలేదు.

అయినా ఆలెన్ హంతకుడని నమ్మేవాళ్ల దగ్గర ప్రతిదానికీ జవాబుంది. వేలిముద్ర టాక్సీ ఎక్కిన ఇంకెవరిదో కావచ్చు. రెండు చేతులతోనూ రాసేవాడు కాబట్టి రాత మార్చి ఉంటాడు. స్టాంపు ఇంకొకరి చేత నాకించి ఉంటాడు. వీటిలో ఏదీ అసాధ్యం కాదు. చిక్కల్లా ఎక్కడంటే, కలిసిన ఆధారాన్ని లెక్కలో వేసుకుని, కలవనిదానికి సాకు వెతికితే ఏ మనిషినైనా జోడియాక్‌ను చేయొచ్చు. చేశారు కూడా. శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసులు దాదాపు 2,500 మందిని పరిశీలించారంటారు. వాళ్లు కాక ఔత్సాహికులు ముందుకు తెచ్చిన పేర్లు వేరే. సొంత తండ్రే హంతకుడని ప్రకటించిన కొడుకులూ కూతుళ్లూ ఉన్నారు.

చిన్న లెక్క వేసుకుంటే విషయం తేటపడుతుంది. అప్పట్లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంత జనాభా 40 లక్షలకు పైనే. అందులో మగవాళ్లు ఇంచుమించు 20 లక్షలనుకోండి. పదిమందిలో ఒకరికి సరిపోయే ఆధారాలు మూడు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, ఒకే మనిషిలో కలిశాయనుకుందాం. వెయ్యిమందిలో ఒకడన్నమాట. వినడానికి చాలా అరుదు. కానీ ఆ మూడూ కలిసేవాళ్లు ఆ ప్రాంతంలోనే రెండు వేల మంది ఉంటారు. వాళ్లలో ఒకడు మీకు తెలిసినవాడైతే మీకు మిగతా 1,999 మంది కనిపించరు.

ఉత్తరాల్లోనూ ఇదే తంటా. 1978లో వచ్చిన ఒక ఉత్తరంపై నిపుణుల్లోనే అభిప్రాయాలు చీలిపోయాయి. 1966లో రివర్‌సైడ్‌లో జరిగిన ఒక విద్యార్థిని హత్యను ఏళ్ల తరబడి జోడియాక్‌కు ముడిపెట్టడానికి ప్రధాన కారణం చేతిరాత ఉత్తరాలు. వాటిని రాసినవాడు 2016లో పోలీసులకు పేరు లేకుండా క్షమాపణ పంపాడు. కుర్రతనంలో చేసిన వెకిలి పని అని ఒప్పుకున్నాడు. 2020లో డీఎన్‌ఏ దాన్ని ధ్రువపరిచింది. ఎన్నెన్ని సిద్ధాంతాలు ఆ ఉత్తరాలనే పునాది చేసుకుని కట్టుకున్నారో తలచుకుంటే బాధేస్తుంది. మధ్యలో ఆ అమ్మాయి కుటుంబం ఏమైపోయి ఉంటుంది?

బెట్టీ దారిలో నడిచినవాళ్లు మాత్రం గెలిచారు, ఆలస్యంగానైనా. 1969 నవంబర్‌లో వచ్చిన 340 గుర్తుల సందేశం 51 ఏళ్లు లొంగలేదు. 2020 డిసెంబర్‌లో దాన్ని విడగొట్టింది అమెరికాలోని డేవిడ్ ఒరాన్‌చాక్, ఆస్ట్రేలియా గణితవేత్త శామ్ బ్లేక్, బెల్జియం ప్రోగ్రామర్ యార్ల్ వాన్ ఐకే. గుర్తులను ఎడమ నుంచి కుడికి కాకుండా ఏటవాలుగా, ఒక వరస కిందికి దిగి రెండు గళ్లు పక్కకు జరుగుతూ చదవాలన్నది అసలు కిటుకు. బ్లేక్ 6,50,000 రకాల చదివే పద్ధతులు తయారుచేశాడు. వాన్ ఐకే రాసిన సాఫ్ట్‌వేర్‌లో వాటిని నడిపారు. ఒకచోట అర్థమున్న మాటలు తేలాయి. టీవీ కార్యక్రమంలో మాట్లాడింది తాను కాదని హంతకుడు అందులో చెప్పాడు. ఆ ఉత్తరానికి రెండు వారాల ముందే, అక్టోబర్ 22న, ఒకడు జోడియాక్‌నంటూ టీవీ షోకు ఫోన్ చేశాడు. స్వర్గం అన్న మాటకు 408 గుర్తుల్లో ఉన్న స్పెల్లింగ్ తప్పే ఇందులోనూ ఉంది. ఎఫ్‌బీఐ ధ్రువీకరించింది. ఎవరు మళ్లీ చేసి చూసినా అదే జవాబు వస్తుంది.

అందులోనూ పేరు లేదు. ముగ్గురూ పేరు కోసం గుర్తులను వంచలేదు, సాగదీయలేదు.

1970 ఏప్రిల్‌లో ‘నా పేరు’ అంటూ పంపిన 13 గుర్తుల సంగతి వేరు. వాటిలో వేర్వేరు గుర్తులు ఎనిమిదే. అంత చిన్న ముక్కలో వేలకొద్దీ పేర్లు సరిగ్గా ఇమిడిపోతాయి, ఏది నిజమో చెప్పే సాధనం ఆ గుర్తుల్లోనే లేదు. ఇప్పటికీ ఏటా ఎవరో ఒకరు అది ఫలానావాడి పేరేనని ప్రకటిస్తూనే ఉంటారు.

పాత కేసులు తేలే తీరు 2018 ఏప్రిల్‌లో మారిపోయింది. ‘గోల్డెన్ స్టేట్ కిల్లర్’ కోసం ఔత్సాహికులు ఏళ్లపాటు జాబితాలు తయారుచేశారు. ఆ పేరు పెట్టింది కూడా పోలీసులు కాదు, మిషెల్ మెక్‌నమారా అనే రచయిత్రి. కేసును జనం మర్చిపోకుండా నిలబెట్టింది చాలావరకు ఆమే. అరెస్టుకు రెండేళ్ల ముందు చనిపోయింది. చివరికి దొరికిన మాజీ పోలీసు జోసెఫ్ డీఏంజెలో ఔత్సాహికుల జాబితాల్లో లేడు. నేరస్థలం డీఎన్‌ఏతో వంశవృక్షాల డేటాబేస్‌లో దూరపు బంధువులను పట్టుకుని, కొమ్మకొమ్మా దిగుతూ అతని ఇంటికి చేరారు. 13 హత్యలను ఒప్పుకున్నాడు.

ఆ ఏడాదే వలేయో పోలీసులు జోడియాక్ కవర్లను కూడా అలాంటి పరీక్షకే ప్రైవేటు ల్యాబ్‌కు పంపినట్టు వార్తలొచ్చాయి. గోల్డెన్ స్టేట్ కేసులో డీఎన్‌ఏ దొరికింది నేరం జరిగిన చోట. ఇక్కడ ఆశంతా యాభై ఏళ్ల కిందట ఎవరో తడిపి అంటించిన స్టాంపు మీద. రేపు దాంట్లోంచి పూర్తి డీఎన్‌ఏ వచ్చినా, ఆ స్టాంపు అంటించినవాడూ ఉత్తరం రాసినవాడూ ఒకడేనా అన్నది మళ్లీ విడిగా తేల్చాల్సిందే.