గోడల మీద అతిథులున్న గది

ప్రియమైన పిల్లలకు,

చెక్ దేశం నుంచి తిరిగి వచ్చిన రోజున మీరందరూ నా చుట్టూ చేరి "తాతయ్యా, రాజుగారి కోట చూశావా?" అని అడిగారు. ప్రయాణపు బడలికలో ఊఁ కొట్టి ఊరుకున్నాను. మీ ప్రశ్నకు సరైన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. చూశాను. కానీ అది రాజుగారిది కాదు. చక్రవర్తి కొలువులో ఉండే ష్వార్జెన్‌బర్గ్ అనే ప్రభువుల కుటుంబానిది.

ఊరి పేరు చెస్కీ క్రుమ్లోవ్. ప్రాగ్ నుంచి బస్సులో దక్షిణానికి మూడు గంటల ప్రయాణం. వ్లతావా నది ఊరిని చుట్టేసి మెలికలు తిరుగుతుంది. నది పక్కనే నిటారుగా లేచిన బండ మీద కోట. కందకంలో నీళ్లు ఉండవు, ఎలుగుబంట్లు ఉంటాయి! 1638లో పోప్ దగ్గరికి రాయబారం వెళ్లినప్పుడు వాడిన బంగారు పూత బండి కూడా ఆ కోటలోనే ఉంది. వాటి సంగతులు మరోసారి చెబుతాను. ఈ ఉత్తరం మాత్రం ఒకే ఒక్క గది గురించి. దాన్ని వేషాల హాలు అంటారు. మారువేషాలు వేసుకుని నాట్యం చేయడానికి కట్టుకున్న గది అది.

ముందు దాని యజమాని కథ వినండి. 1732లో, ఆస్ట్రియాను ఏలే చక్రవర్తి ఆరవ చార్లెస్ వేటకు వెళ్లాడు. ఆయన పేల్చిన తూటా పొరపాటున ఆడమ్ ఫ్రాంజ్ ష్వార్జెన్‌బర్గ్ ప్రభువుకు తగిలింది. ప్రభువు చనిపోయాడు. ఆయన కొడుకు జోసెఫ్ ఆడమ్‌కు అప్పటికి తొమ్మిదేళ్లు. మీలో చిన్నవాడి వయసు! ఆ వయసులో తండ్రి పోయి, అంత పెద్ద ఆస్తి నెత్తిన పడింది. ఆ పిల్లవాడే పెద్దవాడై, 1748లో, పాతికేళ్ల వయసులో, జోసెఫ్ లెడరర్ అనే చిత్రకారుణ్ణి పిలిపించి ఈ హాలుకు బొమ్మలు వేయించాడు. ఆస్ట్రియా సింహాసనం ఎవరిదన్న తగాదాతో ఎనిమిదేళ్లు సాగిన యుద్ధం కూడా ఆ ఏడాదే ముగిసింది. చీకటి రోజులు చూసిన మనిషి సందడిని గోడల మీద శాశ్వతంగా నిలుపుకోవాలనుకున్నాడేమో అని నాకు అనిపించింది.

ఇక లోపలికి రండి. తలుపు దగ్గర పొడవాటి టోపీ పెట్టుకున్న సిపాయి ఒకడు కాపలా ఉన్నాడు. దారి ఇద్దామని నేను పక్కకు ఒదిగాను. తీరా చూస్తే అతను గోడ మీద రంగు! నలభై ఏళ్లు బడిలో బొమ్మలు వేయడం నేర్పిన నేను కూడా ఆ ఒక్క క్షణం నమ్మేశాను. నాకు కలిగిన ఆనందం ఎంతని చెప్పను.

గోడల నిండా, నిలువెత్తున, వందకు పైగా మనుషులు. దొరలు, దొరసానులు, సైనికులు, ముఖానికి ముసుగు వేసుకున్నవారు. రంగురంగుల ముక్కలు కుట్టిన చొక్కా తొడుక్కున్నవాడు ఆర్లెకీనో, గడసరి నౌకరు. వంకర ముక్కు ముసలి షావుకారు పాంతలోనే. వీళ్లంతా ఇటలీలో వీధుల్లో, సంతల్లో ఆడే హాస్య నాటకాల పాత్రలు. మన పగటివేషగాళ్లను చూడగానే ఎవరు ఏ వేషమో ఊరంతా గుర్తుపట్టినట్టే, ఆ కాలంలో యూరప్ జనం వీళ్లను చూడగానే గుర్తుపట్టేవారు. పైవరసలో నాటకశాలలో ఉండేలాంటి బాల్కనీలు ఉన్నాయి. వాటిలోంచి కొందరు వంగి మనల్ని చూస్తున్నారు. ఆ బాల్కనీలు కూడా రంగులే.

కన్ను ఇంతగా ఎలా మోసపోతుంది? మీకు నేను రైలు పట్టాలు గీయడం నేర్పాను, గుర్తుందా? దూరం పోయేకొద్దీ రెండు పట్టాలూ దగ్గరవుతున్నట్టు కనబడతాయి. లెడరర్ వాడుకున్న మొదటి సూత్రం అదే. కానీ దానికి మరో మెలిక ఉంది. మేడ కింద నిలబడి బాల్కనీ వైపు చూడండి. బాల్కనీ నేల కనబడదు, దాని అడుగు భాగం కనబడుతుంది. అక్కడ నిలబడిన మనిషికి గడ్డం కింది భాగం ఎక్కువగా, నెత్తి తక్కువగా కనబడుతుంది. చూసేవాడు నేల మీద నిలబడతాడని ముందే లెక్క వేసుకుని, పైవన్నీ కింది నుంచి కనబడినట్టే గీయాలి. రెండో సూత్రం నీడ. గదిలోకి వెలుతురు ఏ కిటికీ నుంచి వస్తుందో, బొమ్మలోని మనిషి మీద కూడా అదే వైపు నుంచి పడుతున్నట్టు వేయాలి. నీడ ఒక్కచోట తప్పినా కన్ను వెంటనే పసిగడుతుంది. ఫ్రెంచివారు ఈ విద్యను 'ట్రోంప్ లోయ్' అంటారు. కంటిని మోసగించేది అని అర్థం.

ఆ గదిలో నాకు అన్నిటికన్నా నచ్చినవి అద్దాలు. బొమ్మల నడుమ గోడల్లో అద్దాలు బిగించారు. రాత్రి వేళ ఊహించుకోండి. కరెంటు లేదు, అన్నీ కొవ్వొత్తులే. ఒక్కొక్క దీపం అద్దంలో రెండుగా, ఎదుటి అద్దంలో నాలుగుగా కనబడుతుంది. కొవ్వొత్తి వెలుగు నిలకడగా ఉండదు కదా, రెపరెపలాడుతుంది. దాంతో గోడ మీది ముఖాలు కూడా కదిలినట్టు ఉంటాయి. నాట్యం చేసే దొరసాని అద్దంలోకి చూసుకుంటే, ఆమె పక్కనే గోడ మీది ఆర్లెకీనో కూడా కనబడతాడు. ఇక్కడ జరిగే వింత గమనించండి. ప్రాణమున్న మనిషీ బొమ్మా ఇద్దరూ అద్దంలో పడ్డాక ఒకేలా ఉంటారు! పైగా ఆమె కూడా ముసుగు వేసుకునే ఉంది. ఎవరు అతిథో, ఎవరు రంగో చెప్పడం కష్టం. లెడరర్ పనితనంలో అసలు గొప్పదనం నాకు ఇక్కడే కనబడింది.

అందం గురించి ఇంత చెప్పి, ఒక సంగతి దాచిపెడితే తప్పవుతుంది. ఆ కాలంలో అద్దం వెనక పూసేది తగరం, పాదరసం కలిపిన పూత. పాదరసం ఆవిరి పీల్చి ఆ పనివాళ్లు చేతులు వణికే జబ్బు పడేవారు. కొవ్వొత్తులకూ విందులకూ డబ్బు ప్రభువుల భూముల నుంచి వచ్చేది. ఆ ఊరున్న ప్రాంతం దక్షిణ బొహీమియాలోని పెద్ద పెద్ద చేపల చెరువులు కూడా అందులో భాగమే. ఆ పొలాల రైతులు దొర అనుమతి లేకుండా ఊరు విడిచి వెళ్లడానికి వీల్లేదు, పెళ్లి చేసుకోవడానికీ వీల్లేదు. ఆ కట్టుబాటు 1781లో పోయింది. వెట్టిచాకిరీ మాత్రం 1848 దాకా సాగింది. ఆ గదిలో నిలబడినప్పుడు నాకు వాళ్లు కూడా గుర్తొచ్చారు. మీకూ గుర్తుండాలని రాస్తున్నాను.

ఇప్పుడు ఒక కిటికీ పక్కకు రండి. అక్కడ గోడలో ఒక మనిషి తాపీగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నాట్యం చేయడం లేదు, ముసుగూ లేదు. ఆయనే జోసెఫ్ లెడరర్. తన బొమ్మ తనే వేసుకున్నాడు! అప్పట్లో కాఫీ పెద్దింటివాళ్లు ఇష్టపడే ఖరీదైన పానీయం. ఆ గదికి పిలుపు అందుకున్నవాళ్లు ప్రభువులు. చిత్రకారుడు కూలి తీసుకుని వెళ్లిపోవలసిన మనిషి. అయినా పండగలో ఒక మంచి చోటు చూసుకుని, చేతిలో కప్పుతో, దర్జాగా కూర్చున్నాడు. పిలిచిన ప్రభువు 1782లో పోయాడు. కోట 1947లో ఆ కుటుంబం చేతుల నుంచి ప్రభుత్వానికి వెళ్లింది. ఊరు 1992లో యునెస్కో జాబితాకెక్కింది. వేసవిలో అదే హాలులో సంగీత కచేరీలు చేస్తారు. ఇవన్నీ చూస్తూ ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. నేను ఆయన ఎదుట చాలాసేపు నిలబడిపోయాను. గైడ్ రెండుసార్లు పిలిస్తే గానీ కదలలేదు.

మేం వెళ్లినప్పుడు లోపల ఫోటోలు తీయనివ్వలేదు. అందుకని బయటికి వచ్చి, నది ఒడ్డున కూర్చుని, గుర్తున్నంత మేరకు పెన్సిలుతో వేశాను. ఆ కాగితం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ముఖం ఆయనలా రాలేదు కానీ, కప్పు పట్టుకున్న చేయి బాగానే వచ్చింది.

దసరా సెలవుల్లో మీరు వచ్చేసరికి మా వెనక వసారా గోడకు తెల్లసున్నం వేయించి ఉంచుతాను. దాని మీద సగం తెరిచిన తలుపు ఒకటి గీద్దాం. ముందు నేల మీద సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టుకోవాలి, చూసేవాళ్లు నిలబడే చోటు అదే. మీలో ఒకరు అక్కడ నిలబడి "ఇంకాస్త కిందికి, ఇంకాస్త ఎడమకు" అని చెబుతుంటే మిగిలినవాళ్లు గీయాలి. వెలుతురు ఆ వసారాకు తూర్పు నుంచి వస్తుంది. తలుపు నీడ ఎటు పడాలో వచ్చేలోగా ఆలోచించి పెట్టుకోండి.

ప్రేమతో,
మీ తాతయ్య