మ్యాప్‌లో లేని వాగు

సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ ఆట ఆడేవాళ్లలో ఎక్కువమంది మొదటి ఊరిని ఏటి ఒడ్డునే పెడతారు. ఆ ఆటలో భూమంతా ఆరు పలకల గడులుగా ఉంటుంది. నదిని ఆనుకున్న గడిలో ఊరు కడితే మంచినీళ్లకు లోటుండదు, జనం త్వరగా పెరుగుతారు, పక్కనున్న వరద మైదానాల్లో పంట బాగా పండుతుంది. 2019 ఫిబ్రవరిలో ఫిరాక్సిస్ సంస్థ దీనికి గేదరింగ్ స్టార్మ్ అనే అదనపు భాగం విడుదల చేసింది. అప్పటి నుంచి ఏటి ఒడ్డున ఉండటం అంత తేలిక కాదు. నది పొంగితే పొలాలు పాడవుతాయి, ఊళ్లో జనం కూడా తగ్గిపోతారు. కరువులు, అగ్నిపర్వతాలు, ఇసుక తుపాన్లు, తీరాన్ని ఊడ్చేసే పెను తుపాన్లు వచ్చి చేరాయి. అందరూ కలిసి బొగ్గు, చమురు మండిస్తూ పోతే ఆట చివరికొచ్చేసరికి సముద్రమే పైకి లేస్తుంది.

దీన్ని తయారుచేసినవాళ్లు నదుల గురించి బాగా చదువుకున్నారని ఆడుతుంటే తెలుస్తుంది. కానీ 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన నీళ్లు ఆ ఆటలో ఎక్కడి నుంచీ రావు. కృష్ణ ఒడ్డున ఉండే మనం ఆలోచించాల్సింది దాని గురించే.

ముందు వాళ్లు సరిగ్గా పట్టుకున్నది చూద్దాం. ఆటలో వరద తీశాక కొన్ని గడుల్లో దిగుబడి పెరుగుతుంది, ఆ పెరుగుదల అలాగే ఉండిపోతుంది. అంటే ముంచిన నీరే మేలు కూడా చేసి వెళ్తుంది. ఈజిప్టు తరఫున ఆడేవాళ్లకైతే వరద నష్టమే ఉండదు, నైలు నది గుర్తుగా ఆ వరం ఇచ్చారు. లంక భూముల్లో పసుపు, అరటి, కూరగాయలు వేసే మన రైతుకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. తెనాలి నుంచి అవనిగడ్డ దాకా కాలి కింద ఉన్నదంతా వేల ఏళ్లుగా కృష్ణమ్మ మోసుకొచ్చి పరిచిన ఒండ్రే. వరదలు రాకపోయి ఉంటే ఈ డెల్టాయే లేదు. అగ్నిపర్వతాల పక్క నేలకూ ఆటలో ఇదే లెక్క, బూడిద పడ్డ చోట పంట పెరుగుతుంది.

వరదలకు వాళ్లు పెట్టిన అంతస్తులు మూడు: మామూలు వరద, పెద్ద వరద, వెయ్యేళ్ల వరద. ఈ మూడో పేరు దగ్గర కాసేపు ఆగాలి. నూరేళ్ల వరద, వెయ్యేళ్ల వరద అని ఇంజనీర్లు అంటుంటే, ఒకసారి వచ్చిందంటే ఇక మన మనవళ్ల కాలం దాకా భయం లేదని చాలామంది అనుకుంటారు. ఆ మాటకు అర్థం అది కాదు. నూరేళ్ల వరద అంటే ఏ ఏడాదికి ఆ ఏడాది వచ్చే అవకాశం నూటికి ఒకటి ఉన్న వరద. పోయినేడు వచ్చినా సరే, ఈ ఏడు కూడా అవకాశం నూటికి ఒకటే. ముప్పై ఏళ్లకు హోమ్ లోన్ తీసుకుని ఏటి పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లకు, ఆ అప్పు తీరేలోగా అలాంటి వరద ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. డెబ్బై ఏళ్ల జీవితానికి లెక్కేస్తే సగానికి సగం.

ఇక కృష్ణ లెక్క చూడండి. 1903లో బెజవాడ దగ్గర దాదాపు 10.6 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరు) పారింది. నూరేళ్లకు పైగా అదే రికార్డు. 2009 అక్టోబరులో 11.1 లక్షలు వచ్చి ఆ రికార్డు చెరిగిపోయింది. మరో పదిహేనేళ్లకు, 2024 సెప్టెంబరు 2న, 11.43 లక్షలు. ప్రకాశం బ్యారేజీని కట్టింది 11.9 లక్షలు తట్టుకునేలా. ఆ రోజు మిగిలిన తేడా ఎంతో ఎవరికి వారు తీసివేసి చూసుకోవచ్చు. పడవలు కొట్టుకొచ్చి గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మలను (కౌంటర్ వెయిట్లను) దెబ్బతీసింది కూడా అప్పుడే.

ఆటలో వరదకు మందు డ్యామ్. వరద మైదానంలో తగిన గడి చూసి ఒక డ్యామ్ కడితే, ఆ నది పొంగినా ఇక నష్టం జరగదు. మన ఊళ్లోనూ ఎంతోమంది బ్యారేజీని అలాగే చూస్తారు, అంత పెద్ద కట్టడం ఉండగా నీళ్లు ఊళ్లోకి ఎలా వస్తాయని అడుగుతారు. బ్యారేజీ ఉన్నది వరదను ఆపడానికి కాదు. 1833 నాటి డొక్కల కరువులో గుంటూరు సీమ ఎండి చచ్చిపోతుంటే పక్కనే కృష్ణ నీళ్లు సముద్రంలో కలిసిపోయాయి. ఆ నీటిమట్టాన్ని కాస్త పైకెత్తి కాలువల్లోకి మళ్లించడానికే 1850లలో ఆనకట్ట కట్టారు. అది 1952లో తెగిపోతే, దాని చోట 1957 నాటికి ఇప్పటి బ్యారేజీ వచ్చింది. దీని వెనక నిలిచే నీరు మొత్తం కలిపి మూడు టీఎంసీల (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) పైచిలుకు. 11.43 లక్షల క్యూసెక్కుల వరద వస్తుంటే, ఆ మడుగంతా ఖాళీగా ఉన్నా సరే, నిండడానికి ముప్పావు గంట చాలు. ఆ తర్వాత చేయగలిగింది డెబ్బై గేట్లూ ఎత్తి వచ్చిన నీటిని వచ్చినట్టు వదలడమే. వరదను పట్టి ఉంచే శక్తి పైన శ్రీశైలానికి, నాగార్జున సాగర్‌కు ఉంది. అయితే అవి అప్పటికే నిండి ఉంటే వాటి పరిస్థితీ ఇంతే.

గోడల సంగతి వేరు. 2009లో మునిగిన ఏటి ఒడ్డు కాలనీలు కృష్ణలంక, రాణిగారితోట 2024లో అంతకంటే పెద్ద వరదకు కూడా నిలబడ్డాయంటే కారణం మధ్యలో కట్టిన రిటైనింగ్ వాల్. దీంతో ఎందరి ఇళ్లు నిలిచాయో ఆ వీధుల్లోకి వెళ్లి అడిగితే చెబుతారు.

సరిగ్గా అవే రోజుల్లో, కృష్ణకు దూరంగా, ఊరికి ఉత్తరాన సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు ఇది. ఏడాదిలో ఎక్కువ రోజులు దాన్ని దాటుతున్నామని కూడా తెలియదు, వంతెన కింద గుర్రపుడెక్క, మురుగు కనిపిస్తాయి, అంతే. ఊరి మీదికి రాకుండా వెలగలేరు దగ్గర నీటిని అదుపు చేసే గేట్ల కట్టడం (రెగ్యులేటర్) పెట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ (డైవర్షన్ ఛానల్) తవ్వి, ఇబ్రహీంపట్నం వైపు తిప్పి బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. మామూలు రోజుల్లో చక్కటి ఏర్పాటు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, వాగూ నదీ ఒకేసారి పొంగినప్పుడు. నీరు పల్లానికే పోతుంది. కృష్ణ మట్టం పైకి లేచాక ఛానల్‌లోని నీటికి పోవడానికి పల్లం మిగలదు. అది నిలబడిపోతుంది, వెనక్కి తంతుంది. వెనక నుంచి మైలవరం కొండల నీరు ఇంకా దిగుతూనే ఉంటుంది. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోతకు ఇదే జరిగింది. ఛానల్ ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ ఊరి మీదికి వచ్చాయి. ఆ పాత దారిలో ఇప్పుడు కాలనీలున్నాయి. కింది అంతస్తులు మునిగాయి, జనం మేడల మీద కూర్చుంటే డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు. సైన్యం కూడా వచ్చి గండ్లు పూడ్చేసరికి దాదాపు వారం పట్టింది. నీళ్లు తీశాక ఫైరింజన్లు తెచ్చి ఇళ్లలో బురద కడిగారు. 2005లోనూ ఇదే బుడమేరు ఊరిని ముంచింది.

ఆట మ్యాప్ మీద బుడమేరు ఉండదు. అందులో నది ఉంటుంది, నది పక్క గడి ఉంటుంది. కానీ ఒక నది నిండితే దానిలోకి రావాల్సిన వాగు ఎదురు తన్నడం, ఇరవై ఏళ్ల కిందట పొలంగా ఉన్న పల్లం ప్లాట్లుగా మారడం, తూములు పూడిపోవడం ఉండవు. వరదంటే పై నుంచి వచ్చి పడే ఆపద అన్నట్టే ఉంటుంది. సింగ్‌నగర్ కథలో వాన ఒక భాగమే. మిగతాదంతా ఎత్తుపల్లాలు, కట్ట బలం, ఛానల్ వెడల్పు, ఎక్కడ ఇళ్లు కట్టుకోనిచ్చామన్నది. ఇవన్నీ మనుషులు తీసుకున్న నిర్ణయాలు.

వాతావరణ మార్పు విషయంలో మాత్రం ఆట మెచ్చుకోవాల్సిన పని చేసింది. ఏ దేశం ఎంత కార్బన్ వదిలిందో లెక్క చూపించే పట్టిక ఒకటి అందులో ఉంది. మార్పు ఏడు దశల్లో ముదురుతుంది. ధ్రువాల మంచు కరుగుతుంది, తుపాన్లు, వరదలు పెరుగుతాయి, తీరంలోని పల్లపు గడులు ఒక మీటరు ఎత్తువి ముందు, తర్వాత రెండు మీటర్లవి, ఆ తర్వాత మూడు మీటర్లవి నీట మునుగుతాయి. బొగ్గు మండించినవాడు ఎక్కడో ఉంటాడు, మునిగేవాడు ఇంకెక్కడో ఉంటాడు. సముద్రానికి అడ్డుగోడ కట్టుకోవచ్చు, కానీ ఆలస్యం చేసిన కొద్దీ దాని ఖర్చు పెరుగుతుంది. ఒకసారి సముద్రంలో కలిసిన గడి మళ్లీ రాదు.

బయట లెక్కలూ ఇదే దారిలో ఉన్నాయి. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల భాగాలకు 280గా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. ఆ తేమ వాయుగుండంలో చేరి ఒక్కసారిగా కురిస్తే కుండపోత ఇంకా గట్టిగా పడుతుంది. 2024 వాన మొత్తాన్ని దీని ఖాతాలో వేయలేం. అలాంటి వానలు పడే అవకాశం పెరుగుతోందని చెప్పగలం. బుడమేరు ఛానల్ కృష్ణలో కలిసే ఇబ్రహీంపట్నంలోనే మన థర్మల్ కేంద్రం ఉంది. 1979లో మొదలై, ఇప్పుడు 2,560 మెగావాట్లు. మన ఇళ్లలో ఫ్యాన్ తిరిగేది దాని వల్లే, కాబట్టి దాన్ని దోషిగా నిలబెట్టి తిట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పొగగొట్టాలనూ, కింద పారే ఛానల్‌నూ పిల్లలకు ఒకే పాఠంలో చెప్పాలి.

సముద్రం సంగతీ అంతే. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. అంతేనా అనిపిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసిన ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారు. అలాంటి ఉప్పెన రేపు మళ్లీ వస్తే, పెరిగిన మట్టం మీద నిలబడి వస్తుంది, మునుపటి కంటే లోపలికి వస్తుంది. పైగా ఎగువ ప్రాజెక్టులు ఒండ్రును ఆపేస్తున్నాయి, డెల్టాకు చేరే మట్టి బాగా తగ్గింది. కొత్త మట్టి పడని డెల్టా తన బరువుకు తానే కుంగుతుంది. ఆటలో సముద్రం లేస్తుందే గానీ, నేల కుంగదు.

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇలాంటి ఆటలు ఆడేవాళ్లు, కోడింగ్ వచ్చినవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. వాళ్లు మన ఊరి మ్యాప్‌తోనే ఒకటి తయారుచేస్తే బాగుంటుంది. వెలగలేరు రెగ్యులేటర్, ఛానల్ కట్టల ఎత్తు, బ్యారేజీ దగ్గర నీటిమట్టం, ఒక్కో కాలనీ ఎంత పల్లంలో ఉందో, డ్రెయిన్లు ఎటు పారతాయో అందులో పెట్టాలి. మైలవరంలో ఇరవై సెంటీమీటర్ల వాన పడి, కృష్ణలో పది లక్షల క్యూసెక్కులు పారుతుంటే ఏ వీధికి ఎన్ని గంటల్లో నీళ్లొస్తాయో ఆడి చూడగలగాలి. అది ముందు రాజరాజేశ్వరిపేటలో ఉండేవాళ్ల ఫోన్లలో ఉండాలి.