హంగర్ గేమ్స్ లాంటి సిరీస్‌లు పిల్లలు చదవొచ్చా? అపోహలు - వాస్తవాలు

ఒక స్కూల్లో పదకొండేళ్లుగా లైబ్రరీ చూస్తున్నాను. ఏడో తరగతి దాటిన పిల్లలు అర దగ్గరికి రాగానే అడిగేది డిస్టోపియా సిరీస్‌లే. అంటే యుద్ధమో, పాలకులో పాడుచేసిన రేపటి లోకంలో టీనేజ్ పిల్లలు ఎలా నెగ్గుకొచ్చారో చెప్పే కథలు. పేరెంట్స్ మీటింగ్ రోజున నన్ను ఎక్కువమంది ఆపి అడిగేదీ వీటి గురించే.

అపోహ: ‘పిల్లలు ఒకరినొకరు చంపుకునే కథలు, చదివితే మనసు పాడవుతుంది.’

సుజాన్ కాలిన్స్ రాసిన ‘ద హంగర్ గేమ్స్’ (2008) అట్ట చూసి అనే మాట ఇది. కథ రెండు ముక్కల్లో చెబితే ఎవరికైనా భయమేస్తుంది. 12 జిల్లాల నుంచి ఏటా ఒక అమ్మాయి, ఒక అబ్బాయి పేర్లు చీటీల్లోంచి తీస్తారు. ఆ 24 మందిలో ఒక్కరు మిగిలేదాకా సాగే పోరును టీవీలో చూపిస్తారు. అయితే నా దృష్టిలో ఈ పుస్తకానికి ప్రాణం ఆ చీటీల లెక్క.

ఆ లెక్కను పిల్లలతో బోర్డు మీద వేయిస్తాను. పన్నెండో ఏట ఒక చీటీ, పదమూడో ఏట రెండు, అలా ఏడాదికొకటి పెరుగుతుంది. ఇంట్లో తిండికి లేకపోతే అదనంగా చీటీ రాయించుకోవచ్చు. బదులుగా ఒక మనిషికి ఏడాదికి చాలీచాలని ధాన్యం, నూనె ఇస్తారు. ఒకసారి వేసిన చీటీ మళ్లీ తీసేయరు. తండ్రి బొగ్గుగనిలో పోయాక కథానాయిక కాట్నిస్ తనకు, తల్లికి, చెల్లికి కలిపి ఏటా మూడు చొప్పున వేయించుకుంది. పదహారేళ్లకి ఆమె పేరు 20 చీటీల మీద ఉంది. పెద్ద కుటుంబాన్ని మోస్తున్న ఆమె స్నేహితుడు గేల్‌కి పద్దెనిమిదేళ్లకి 42. మేయర్ కూతురికి మాత్రం ఐదు దాటవు.

ఒకసారి ఈ లెక్క వేస్తూ తొమ్మిదో తరగతి అమ్మాయి సుద్దముక్క పట్టుకుని అలాగే ఆగిపోయింది. ‘అంటే రేషన్ కోసం ప్రాణం తాకట్టు పెట్టడమే కదా మేడమ్’ అంది. ఆ పీరియడ్‌లో ఇక ఎవరూ పోరులోని బాణాల గురించి అడగలేదు.

అయినా తల్లిదండ్రుల టెన్షన్‌ని నేను కొట్టిపారేయను. అమెరికాలో కూడా ఈ సిరీస్ మీద బోలెడు అభ్యంతరాలు వచ్చాయి. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఏటా ప్రకటించే అలాంటి తొలి పది పుస్తకాల జాబితాలో 2010, 2011, 2013లలో ఇది ఉంది. పన్నెండేళ్లు నిండనివాళ్లకి నేను ఇవ్వను. పీడకలలొచ్చే పిల్లలకైతే ఇంకో ఏడాది ఆగమంటాను.

అపోహ: ‘ఇవన్నీ ఊహలు, మన బతుకులతో సంబంధం లేదు.’

కథలోని దేశం పేరు పానెమ్. ‘రొట్టె, వినోదం ఉంటే చాలు, జనం ఇంకేమీ అడగరు’ అని రోమన్ కవి జువెనల్ ఎత్తిపొడిచిన లాటిన్ మాటలోని ‘రొట్టె’ అది. ఏడుగురు అబ్బాయిల్ని, ఏడుగురు అమ్మాయిల్ని క్రీట్‌లోని రాక్షసుడికి పంపే గ్రీకు పురాణం కూడా దీని వెనక ఉంది. మన పిల్లలకి బకాసురుడి కథ తెలుసు కాబట్టి ఇది చెప్పగానే అందుకుంటారు. ఇక 2014లో థాయ్‌లాండ్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు, ఈ కథలోని మూడువేళ్ల సంకేతాన్నే జనం నిరసనగా వీధుల్లో ఎత్తి చూపారు.

అపోహ: ‘ఇంగ్లిష్ కష్టం, మనవాళ్లకి ఎక్కదు.’

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి కూడా నేను ధైర్యంగా ఇచ్చే పుస్తకం ఇది. కథంతా కాట్నిస్ ‘నేను’ అంటూ చెబుతుంది, వాక్యాలు చిన్నవి. 27 అధ్యాయాలు, చాలావాటి చివర ఆపబుద్ధి కాని మలుపు. కాలిన్స్ అంతకుముందు పిల్లల టీవీ కార్యక్రమాలకు రాసేవారు. ఆ చేయి తిరిగినతనం ఇక్కడ కనిపిస్తుంది.

అపోహ: ‘మూడో భాగం బోర్, సినిమా చూస్తే చాలు.’

ఈ మాట పిల్లలే అంటారు, నాకు నిజంగా బాధేస్తుంది. ‘మాకింగ్‌జే’ (2010)లో కాట్నిస్‌కి నిద్ర పట్టదు, మాటమాటకీ బెదురుతుంది, తనవైపు వాళ్లనీ పూర్తిగా నమ్మదు. గెలిచాక జెండా ఊపే కథానాయిక కోసం ఎదురుచూసినవాళ్లకి ఇది నచ్చదు. కాలిన్స్‌కి ఆరేళ్లున్నప్పుడు ఆమె తండ్రి వియత్నాం యుద్ధానికి వెళ్లారు. యుద్ధం ఇంటి దాకా ఏం మోసుకొస్తుందో చిన్నప్పుడే చూసిన మనిషి రాసిన పుస్తకం ఇది. మొదటి రెండూ చదివి ఇక్కడ ఆపేస్తే, ఆమె చెప్పదలచుకున్నది వినకుండానే లేచొచ్చినట్టు.

అపోహ: ‘ఏ భాగం ముందు చదివినా ఒకటే.’

కాదు. కథాకాలం ప్రకారం ముందు జరిగిన ‘ద బాలడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్’ 2020లో, ‘సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్’ 2025లో వచ్చాయి. అచ్చయిన వరుసలోనే చదవండి. పానెమ్ అధ్యక్షుడు స్నో ఎలాంటి ముసలివాడయ్యాడో తెలిసి చదివితేనే ‘బాలడ్’లోని అతని పద్దెనిమిదో ఏడు వణుకు పుట్టిస్తుంది.

లోయిస్ లౌరీ ‘ద గివర్’ (1993) విషయంలో ఇది ఇంకా ముఖ్యం. చివరి పేజీలో కథానాయకుడు జోనాస్ బతికాడా లేదా అన్నది తేలదు. దాని మీద మా పిల్లలు రోజుల తరబడి వాదించుకుంటారు. జవాబు తర్వాతి పుస్తకాల్లో ఉంది. అందుకే వాటిని అరలో పెట్టను, నా టేబుల్ సొరుగులో ఉంచుతాను. ‘గివర్’ తిరిగిచ్చి, జోనాస్‌కి ఏమైందనుకుంటున్నారో నాకు చెప్పినవాళ్లకే తీసిస్తాను.