తెలుగు వికీపీడియాలో ఎవరి మాట చెల్లుతుంది? అపోహలు – వాస్తవాలు

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో నేనొక నిర్వాహకుణ్ణి. వ్యాసం ఎలా రాయాలని అడిగేవాళ్ల కంటే, "అక్కడ పెద్ద ఎవరండీ, ఎవరి మాట చెల్లుతుంది?" అని అడిగేవాళ్లే నాకు ఎక్కువగా తగులుతుంటారు.

అపోహ: యజమాని లేడు కాబట్టి ఎవరిష్టం వాళ్లది.

సర్వర్లు వికీమీడియా ఫౌండేషన్‌వి. ఏ వ్యాసం ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది మాత్రం మామూలుగా ఆ భాషలో రాసేవాళ్లే తేల్చుకుంటారు. 2016లో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. అలాంటప్పుడు వేల ఊళ్ల పేజీల్లో జిల్లా పేరు, చాలాచోట్ల మండలం పేరు కూడా మార్చాలి. ఆర్డరేసి చేయించే ఆఫీసరు ఎవరూ ఉండరు. రచ్చబండ అనే, అందరూ కలిసి చర్చించుకునే పేజీలో మాట్లాడుకుని, తలా కొంత పని పంచుకోవాలి. పాత జిల్లా పేరును చరిత్రగా ఉంచాలా, తీసేయాలా అన్నది ముందే అనుకోకపోతే ఒకరు పొద్దున చేర్చింది ఇంకొకరు సాయంత్రం తీసేస్తారు. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే, ఇద్దరికీ కోపమే.

అపోహ: నిర్వాహకుడంటే బాస్.

పేజీ తొలగించే మీట, వాడుకరిని రాయకుండా నిరోధించే మీట లాంటివి మా దగ్గర ఉంటాయి, అంతే. విషయం మీద మా మాటకు అదనపు బరువేం లేదు. తాను దిగిన వివాదంలో ఆ మీటలు వాడకూడదు కూడా.

అపోహ: ఎక్కువమంది ఎటుంటే అదే నిర్ణయం.

చర్చలో తలలు లెక్కపెట్టం. చురుగ్గా రాసేవాళ్లు కొద్దిమందే ఉన్నచోట నలుగురు స్నేహితులను పిలిచి సంతకాలు పెట్టించడం ఎంతసేపు? అందుకే ఆధారం చూపించినవాళ్ల మాట ఒక్కటైనా నిలబడాలి. ప్రైవేటు గ్రూపులో మాట్లాడేసుకుని, వికీలోకి వచ్చి అమలు చేసే అలవాటు నాకు అస్సలు నచ్చదు. చర్చా పేజీలో రాస్తే ఐదేళ్ల తర్వాత వచ్చే మనిషికి కూడా కారణం కనిపిస్తుంది.

అపోహ: గొడవల్లేవంటే అంతా బాగున్నట్టే.

క్రొయేషియన్ వికీపీడియాలో కొద్దిమంది నిర్వాహకులు ఏళ్ల తరబడి పెత్తనం చేశారు. ఎదురు చెప్పినవాళ్లను నిరోధించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫాసిస్టు పాలన చేసిన ఘోరాలను తక్కువ చేసి చూపించారు. దాన్ని నమ్మొద్దని 2013లో ఆ దేశ విద్యామంత్రే విద్యార్థులకు చెప్పాల్సి వచ్చింది. స్కాట్స్ భాష వికీపీడియాది ఇంకో తీరు. ఆ భాష సరిగా రాని అమెరికన్ కుర్రాడొకడు వేలాది వ్యాసాలు రాశాడు. 2020లో గుప్పుమనేదాకా అతణ్ణి కూర్చోబెట్టి చెప్పినవాళ్లు పెద్దగా లేరు. ఆ తర్వాత మాత్రం అందరూ కలిసి తిట్టారు. అతనిది చెడ్డ ఉద్దేశం కాదు, పట్టించుకునే మనుషులు లేకపోవడమే అసలు లోపం. కులం, సినిమా, రాజకీయాల పేజీల్లో తగవులొస్తే నేను కంగారుపడను. ఏళ్లుగా ఎవరూ తొంగిచూడని పేజీలంటేనే నాకు టెన్షన్.

అపోహ: తెలుగు టైపింగ్ రాక కొత్తవాళ్లు ఆగిపోతున్నారు.

ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులో పడే సదుపాయం వికీలోనే ఉంది. ఫోన్లలో మాట్లాడితే టైపయిపోతోంది. నేను చూసినంతలో మనుషులు ఆగిపోయేది మొదటి పలకరింపు దగ్గర.

ఒకాయన తన ఊరి పేజీలో చెరువు గురించి, గుడి గురించి పది వాక్యాలు రాస్తారు. కాసేపటికే పేజీ నెత్తిన "ఈ వ్యాసంలో మూలాలు లేవు" అన్న మూస (ముందే తయారుగా ఉండే హెచ్చరిక పట్టీ) పడుతుంది. ఇంకాసేపటికి ఆ పది వాక్యాలూ పోతాయి. మార్పు ఎందుకు చేశారో రాసే దిద్దుబాటు సారాంశంలో కనిపించేది ఒకే ముక్క: "మూలాల్లేవు". నియమం ప్రకారం తప్పేం లేదు. ఆయనకు మాత్రం ఆ మూస ఎవరు పెట్టారో, ఎవరిని అడగాలో, తీసేసిన వాక్యాలు పేజీ చరిత్రలో భద్రంగా ఉంటాయని కూడా తెలియదు. పోట్లాడరు, ఫిర్యాదు చేయరు, మళ్లీ రారు. అలా పోయినవాళ్లు మన లెక్కల్లో ఎక్కడా కనబడరు.

తోటి నిర్వాహకులను నేను అడిగేది ఒకటే. మూస పెట్టే ముందు ఆయన చర్చా పేజీలో నాలుగు ముక్కలు రాయండి: "చెరువు గురించి బాగా రాశారండీ. జనాభాకు 2011 జనగణన మూలం నేను చేర్చాను. గుడి కట్టిన ఏడాదికి పుస్తకం గానీ, పేపర్లో వచ్చిన వార్త గానీ మీ దగ్గరేమైనా ఉందా?" ఇలా అడిగితే వెతికి తెచ్చేవాళ్లు ఉంటారు. దొరక్కపోతే ఆ ఒక్క వాక్యమే తీసేయొచ్చు, మిగతాది ఉంటుంది.